క్రాఫ్టు గది తలుపులు తీద్దాం: పిల్లల చేతికి అంతరిక్షం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1979 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలుస్తూ ఇందాక "శ్రీహరికోట సైంటిస్టు" అన్నారు. నేను సైంటిస్టును కాను, ఫిట్టర్ని. ఈ బడిలో పదో తరగతి, తర్వాత రెండేళ్లు ఐటిఐ, ఆపైన అప్రెంటిస్. 1985లో శ్రీహరికోటలో టెక్నీషియన్‌గా చేరి 2023లో పదవీ విరమణ చేశాను. ముప్పై ఎనిమిదేళ్లు నా చేతిలో ఉన్నవి స్పానర్లు, గేజీలు, టార్కు రెంచీలు. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. నేను చెప్పబోయేదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఉద్యోగం నుంచి వచ్చాక గత రెండేళ్లుగా, హెడ్మాస్టరు గారి అనుమతితో, నెలకు రెండు శనివారాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో కూర్చుంటున్నాను. మొదటి రోజు వాళ్లను ఒకటే అడిగాను. "రాకెట్ ఎగరాలంటే ఎవరెవరు పని చేయాలి?" బోర్డు మీద రెండే మాటలు వచ్చాయి: సైంటిస్టు, వ్యోమగామి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. వెనక బెంచీ పిల్లలైతే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ రెండు పనులూ తమవి కావని వాళ్లకు అప్పటికే ఎవరో చెప్పేసినట్టుంది. బహుశా మార్కుల కార్డే చెప్పి ఉంటుంది.

అందుకని నేను ఉపన్యాసం మానేశాను. చేతికి పనిచ్చాను. ఏం చేశామో, దాని వల్ల ఏం బయటపడిందో చెప్పి, చివర ఈ సభను ఒక కోరిక కోరతాను.

మొదటిది నీళ్ల రాకెట్. కూల్‌డ్రింకు సీసా, రబ్బరు బిరడా, సైకిల్ ట్యూబు వాల్వు, గాలి కొట్టే పంపు. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, వాల్వు గుచ్చిన బిరడా బిగించి, తలకిందులుగా స్టాండు మీద పెట్టి గాలి కొట్టాలి. లోపలి ఒత్తిడి బిరడా పట్టును మించగానే నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. న్యూటన్ మూడో సూత్రం పుస్తకంలో ఉన్నదే. కానీ సీసా ఎంత ఎత్తుకు పోతుందో నిర్ణయించేది ఆ సూత్రం కంఠతా రావడం కాదు, బిరడా ఎంత బిగువుగా కూర్చుందన్నదే. గాలి కారితే ఒత్తిడి నిలవదు. సోడా సీసాలే వాడాలి, మంచినీళ్ల సీసాలు తట్టుకోవు. గాలి కొట్టే పిల్లవాడికి కళ్లద్దాలు, పంపుకు పొడుగు గొట్టం, మిగతావాళ్లు సున్నపు గీతకు అవతల. ఆ గీత గీయడం, గీత దాటినవాడిని వెనక్కి పంపడం కూడా ఒక ఉద్యోగమేనని చెప్పాను. శ్రీహరికోటలో దాన్ని రేంజ్ సేఫ్టీ అంటారు. వాళ్లు సరేనంటేనే రాకెట్ కదులుతుంది.

ఆరు జట్లలో అయిదింటి సీసాలు సన్‌షేడు దాకా లేచాయి. ఒక జట్టుది మాత్రం వేపచెట్టు దాటింది. చూస్తే, బిరడాను బ్లేడుతో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, నాలుగుసార్లు నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో పరీక్షించి బిగించింది తొమ్మిదో తరగతి కుర్రాడు. వాళ్ల నాన్నకు సైకిళ్ల రిపేరు కొట్టు. ట్యూబు పంక్చరు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకున్నాడు. లెక్కల్లో, ఇంగ్లీషులో వాడి సంగతి మాస్టార్లకు తెలుసు. నన్ను పక్కకు పిలిచి, "సార్, దీనికి మార్కులుంటాయా?" అని అడిగాడు.

వాడికి నేను 2013 ఆగస్టు 19 సంగతి చెప్పాను. ఆ రోజు జీఎస్‌ఎల్‌వీ-డీ5 ప్రయోగ వేదిక మీద సిద్ధంగా ఉంది. ఇంకా గంటా పద్నాలుగు నిమిషాలుందనగా రెండో దశలో ఇంధనం కారుతోందని పట్టుకుని కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్‌ను వెనక్కి తీసుకుపోయి, ఆ దశ మొత్తం మార్చి, మళ్లీ 2014 జనవరి 5న ప్రయోగిస్తే మన దేశంలో తయారైన క్రయోజెనిక్ ఇంజను మొదటిసారి విజయవంతంగా మండింది. "ఒరేయ్, అంత పెద్ద రాకెట్‌ను ఆపింది కూడా లీకే. లీకు పట్టుకోవడం వచ్చినవాడికి అక్కడ పని ఉంది" అన్నాను. ఆ సాయంత్రం వాడు ఇంటికి వెళ్లలేదు. మిగతా అయిదు జట్ల బిరడాలూ సరిచేసి పెట్టాడు.

రెండోది, ఆ సీసా ఎంత ఎత్తు ఎగిరిందో కొలవడం. జామెట్రీ బాక్సులోని కోణమానినికి దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీస్తే కొలపరికరం తయారు. సీసా శిఖరానికి చేరినప్పుడు దాని వైపు గురిపెట్టి దారం ఎక్కడుందో చదవాలి. కోణం 45 డిగ్రీలైతే, మనం ఎంత దూరంలో నిల్చున్నామో సీసా అంత ఎత్తులో ఉన్నట్టు. దానికి మన కంటి ఎత్తు కలుపుకోవాలి. పదో తరగతి త్రికోణమితి ఎందుకని అడిగే పిల్లలకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. ముగ్గురు మూడు చోట్ల నిలబడి కొలిస్తే మూడు ఎత్తులొచ్చాయి. ఎవరిది సరైనదని పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటను సర్దుబాటు చేయడం కోసమే దేశంలో రాడార్లు, పెద్ద పెద్ద యాంటెన్నాలు, వాటి ముందు రాత్రింబవళ్లు కూర్చునే మనుషులు ఉన్నారని చెప్పాను. ట్రాకింగ్ అంటే అదే.

మూడోది నడక. పది లక్షల కిలోమీటర్లకు ఒక మీటరు అని లెక్క పెట్టుకున్నాం. మన బడి గేటు దగ్గర గోడ మీద దాదాపు 1.4 మీటర్ల వెడల్పున సున్నంతో వలయం గీస్తే అది సూర్యుడు. అక్కణ్ణించి 150 మీటర్లు నడిస్తే రామాలయం. అక్కడ భూమి, ఒక రేగుపండంత. ఆ పండుకు మూరెడు కంటే తక్కువ దూరంలో, 38 సెంటీమీటర్ల దగ్గర చంద్రుడు, ఒక పెసరగింజ. గురుగ్రహం బస్టాండు దగ్గర, బత్తాయి కంటే పెద్దది. నెప్ట్యూన్ నాలుగున్నర కిలోమీటర్ల అవతల, పక్క ఊరి చెరువు కట్ట మీద. అంతదాకా సైకిళ్ల మీద పోయి వచ్చారు. అదే కొలతలో సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ఎక్కడని ఒకమ్మాయి లెక్క వేసింది. దాదాపు నలభై వేల కిలోమీటర్లు వచ్చింది. అంటే నిజం భూమిని ఒక చుట్టు చుట్టినంత. క్లాసంతా కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ నడకలో ఇంకో సంగతి బయటపడింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున. మన కొలతలో అది రేగుపండు తొక్క మీద అర మిల్లీమీటరు కూడా కాదు. చంద్రుడు మూరెడు దూరం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ ఆ పెసరగింజ మీద దిగింది. చంద్రుడి నుంచి మాట రావడానికి సెకనుకు పైన పడుతుంది, పోవడానికి మరో సెకను. చివరి నిమిషాల్లో కింద నుంచి ఎవరూ నడపలేరు, ల్యాండరే చూసుకుని దిగాలి. మరి ఎలా చూసుకుంటుంది అని అడిగారు పిల్లలు. కెమెరాలు, ఎత్తు కొలిచే లేజర్లు, ముందే రాసిపెట్టిన ప్రోగ్రాములు. కంప్యూటరు మీద మోజున్న పిల్లలకు ఆ రోజు ఒక దారి కనబడింది.

నాలుగోది పిల్లలకు బాగా ఇష్టమైనది, గుడ్డు ల్యాండరు. మేడ మీద నుంచి కోడిగుడ్డును కిందికి వదలాలి, పగలకూడదు. కొబ్బరి పీచు, పాత పేపర్లు, స్ట్రాలు, ప్లాస్టిక్ కవర్లు, దారం ఇచ్చాను, కానీ ఊరికే కాదు. ప్రతి వస్తువుకూ ఒక ధర. జట్టుకు వంద రూపాయల ఉత్తుత్తి డబ్బు. బరువుకూ హద్దు పెట్టాను. ప్రతి జట్టులో ఒకరు ఖజానాదారు, ఒకరు రాసేవారు, ఒకరు పరీక్షించేవారు. గుడ్లు మధ్యాహ్న భోజనానివి కావు, నా డబ్బుతో కొన్నవి. వాటిని కవర్లో కట్టే వదిలాం కాబట్టి పగిలినవి కూడా వృథా పోలేదు, వంటమ్మ అట్టు వేసింది.

మొదటిసారి చాలా గుడ్లు పగిలాయి. నేను వాళ్లను అక్కడే ఆపి, ఎందుకు పగిలిందో కాగితం మీద రాయమన్నాను. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద పడిపోయింది. తర్వాత నాలుగేళ్లలో ఏం చేశారో పిల్లలకు వరసగా చెప్పాను. కాళ్లు గట్టి చేశారు. ఇంధనం పెంచారు. దిగే చోటు అంతకుముందు అర కిలోమీటరు చదరం ఉంటే దాన్ని సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పుకు పెంచారు. ఏది చెడిపోయినా దిగేలా ఆలోచించారు. రెండో శనివారం పిల్లలు వాళ్ల కాగితాలు చూసుకుంటూ ల్యాండర్లు మార్చారు. ఎక్కువ గుడ్లు బతికాయి. ఒక జట్టులో ఖజానాదారు పన్నెండు రూపాయలు మిగిల్చాడు. వాడు వాళ్ల అమ్మతో కూరగాయల బండి దగ్గర లెక్కలు చూసే పిల్లవాడు. అంతరిక్ష సంస్థలో కూడా అకౌంట్సు, కొనుగోళ్లు, స్టోర్సు విభాగాలుంటాయని, అవి లేకపోతే ఒక బోల్టు కూడా లోపలికి రాదని వాడికి చెప్పాను.

అయిదోది ఊరి చెరువు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్ల 'భువన్'లో ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా చూడవచ్చు. పిల్లలు మన చెరువును వెతికి పట్టుకున్నారు, తర్వాత కట్ట మీద నడుస్తూ పటంతో పోల్చుకున్నారు. మన తీరంలో ఇది ఆట కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేల మంది పోయారు. ఈ సభలో ఉన్న పెద్దలకు ఆ రోజులు గుర్తుంటాయి. ఇవాళ తుపాను పుట్టినప్పటి నుంచి ఉపగ్రహాలు కనిపెట్టి ఉంటున్నాయి. సముద్రపు వేడిని, నీటి రంగును ఉపగ్రహం నుంచి చూసి, చేపలు ఎక్కడ దొరకవచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మన జాలర్లకు చెబుతోంది. జాలరి కుటుంబాల నుంచి వచ్చే పిల్లలు మన బడిలో ముగ్గురున్నారు. ఆ సందేశాలు వాళ్ల నాన్నల ఫోనుకు వస్తాయట. వాటి వెనక ఎవరున్నారో వాళ్లు ఆ రోజే తెలుసుకున్నారు.

ఇన్ని శనివారాల తర్వాత, ఈ ఏడాది మొదట్లో మళ్లీ అదే ప్రశ్న బోర్డు మీద రాశాను. ఈసారి బోర్డు చాలలేదు. వెల్డరు, కెమిస్టు, వాతావరణం చూసేవాళ్లు, ప్రోగ్రాములు రాసేవాళ్లు, అగ్నిమాపక సిబ్బంది, నర్సు, డ్రైవరు, క్యాంటీను వంటవాడు, దర్జీ. దర్జీ ఎందుకని ఒక టీచరమ్మ అడిగితే పిల్లలే జవాబు చెప్పారు. ఉపగ్రహం మీద బంగారు రేకులా మెరిసేది బంగారం కాదు. పల్చని ప్లాస్టిక్ పొరలకు అల్యూమినియం పూత పూసి, పొర మీద పొర పేర్చి, కత్తిరించి కుట్టిన దుప్పటి. ఎండకూ చలికీ ఉపగ్రహాన్ని కాపాడేది అదే.

ఇక్కడ పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో ఒక నిజం చెప్పాలి. శ్రీహరికోటలో ఉద్యోగాలు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ. నీళ్ల రాకెట్ ఎగరేసిన వాళ్లందరూ అక్కడ చేరరు. కానీ దారులు ఎన్ని ఉన్నాయో తెలియాలి. టెక్నీషియన్ ఉద్యోగానికి పదో తరగతి, తగిన ట్రేడులో ఐటిఐ ఉండాలి. టెక్నికల్ అసిస్టెంటుకు డిప్లొమా. ఇంజనీరుకు మంచి మార్కులతో బి.టెక్. ఇంటర్ తర్వాత జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీలో చేరవచ్చు. 2020 నుంచి ఈ రంగంలోకి ప్రైవేటు కంపెనీలకూ దారి తెరిచారు. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్ హైదరాబాదు యువకుల కంపెనీ స్కైరూట్ తయారు చేసిందే. రాకెట్ భాగాలు చేసే వర్క్‌షాపులు హైదరాబాదులో ఎప్పటి నుంచో ఉన్నాయి. అక్కడ మంచి మెషినిస్టుకు, వెల్డరుకు ఎప్పుడూ గిరాకీయే.

తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో 'యువిక' అనే శిక్షణ మొదలుపెట్టింది. వేసవిలో సుమారు రెండు వారాలు, ఖర్చంతా వాళ్లదే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులతో పాటు సైన్సు ఫెయిర్లలో పాల్గొన్నారా అన్నదీ చూస్తారు, పల్లెటూరి బళ్ల పిల్లలకు ప్రత్యేకంగా పాయింట్లుంటాయి. అంటే మన బడిలో ఏ చేతిపనీ లేకపోతే, మన పిల్లలు దరఖాస్తు దగ్గరే వెనకబడతారు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. మా కౌంట్‌డౌన్ నడిపేది ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి. గీత దాటినవాడు ఎంత పెద్దవాడైనా సరే, వాడు వెనక్కి పోయేదాకా లెక్క ఆపేస్తుంది. ఒకసారి నన్నే వెనక్కి పంపింది. వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చి, "అన్నా, పది అవగానే సంబంధం చూద్దామనుకుంటున్నాం, ఈ రాకెట్ల పిచ్చి ఎందుకు పెడతావు?" అన్నాడు. చంద్రయాన్-3 సహ ప్రాజెక్టు డైరెక్టరు కల్పన మన చిత్తూరు జిల్లా ఆడపడుచేనని చెప్పాను. ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. పోయిన శనివారం గేటు దగ్గర నిలబడి కౌంట్‌డౌన్ మొత్తం విని వెళ్లాడు. నా మాట కంటే ఆ పిల్ల గొంతు ఎక్కువ పని చేస్తుందని నా ఆశ. ఆ పిల్లకు మార్చిలో పరీక్షలు. మనకున్న గడువు అంతే.

ఇక నా కోరిక. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్నది రేపు సర్వసభ్య సమావేశంలో తేలుతుంది. గేటుకు స్వాగత తోరణం కట్టి, దాతల పేర్లు పాలరాతి మీద చెక్కిద్దామని ఒక ప్రతిపాదన ఉంది. పెద్దలంటే నాకు గౌరవమే. కానీ ఒక్కసారి తూర్పు వైపు చివరి గది చూడమంటున్నాను. మన కాలంలో అది క్రాఫ్టు గది. మేకు కొట్టడం, రంపం పట్టడం, నూలు వడకడం మనం అక్కడే నేర్చుకున్నాం. నా చేతికి మొదటి ఆకురాయి అందింది ఆ గదిలోనే. క్రాఫ్టు మాస్టారి పోస్టు పోయాక దానికి తాళం పడింది. ఇప్పుడు లోపల విరిగిన బెంచీలున్నాయి.

ఆ గదికి కావలసినవి: నాలుగు బల్లలు, రెండు వైసులు, చేతి పనిముట్లు, సోల్డరింగు ఐరన్లు, ఒక కంప్యూటరు, ఒక చిన్న దూరదర్శిని, మంచి వెలుతురు. తోరణం ఖర్చులో సగం కూడా కాదు. గత రెండేళ్లలో ఈ శనివారాలకు నా జేబులోంచి అయింది పన్నెండు వేల చిల్లర మాత్రమే. అది పెద్ద విషయం కాదు. నాకు అరవై దాటాయి. ఒక మనిషి ఓపిక మీద నడిచేది ఆ మనిషితోనే ఆగిపోతుంది. అందుకే గది అడుగుతున్నాను, మనుషుల్ని కూడా అడుగుతున్నాను. మీలో డాక్టర్లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, దర్జీలున్నారు, అమెరికాలో సాఫ్ట్‌వేరు వాళ్లున్నారు. ఏడాదికి ఒక్క శనివారం రండి. మీ పని అంతరిక్షంలో ఎక్కడ అవసరమో నేను చెబుతాను, పిల్లలకు చేసి చూపించేది మీరు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. సిలబస్ ఒత్తిడి నాకు తెలుసు. మీ పీరియడ్లు అడగను. ఏ పిల్లవాడి చేయి ఏ పనికి తిరుగుతోందో ఆ గదిలో చూసి, పదో తరగతి అయ్యాక వాడి ఇంటికి వెళ్లి ఒక్క మాట చెప్పండి. సైకిల్ కొట్టు కుర్రాణ్ణి వచ్చే వేసవిలో బెంగుళూరు హోటల్లో పనికి పెడతామంటున్నారు. ఐటిఐలో చేర్పించమని నేను రెండుసార్లు చెప్పాను. మాస్టారు చెబితే ఆ మాటకు బరువుంటుంది.

శ్రీహరికోటలో 2019 నుంచి సందర్శకుల గ్యాలరీ ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుంటే రాకెట్ ప్రయోగం ఉచితంగా చూడవచ్చు. వచ్చే ప్రయోగానికి తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుపోయే బస్సు ఖర్చు మా 1979 బ్యాచ్ భరిస్తుందని ఈ వేదిక మీద మాట ఇస్తున్నాను. మిగతా బ్యాచ్‌లు ఏం ఇస్తాయో రేపటి సమావేశంలో చెప్పండి. తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గర ఉంది. విరిగిన బెంచీలు బయటపెట్టడానికి ఆదివారం పొద్దున ఏడింటికి నేను వస్తాను. మీరూ రండి.